గోల్డ్‌స్మిత్ గారి బొమ్మల కొలువు

రాజమండ్రిలో రాత్రి బయల్దేరిన బస్సు తెల్లారేసరికి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సగం ఖాళీ అయిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పోయే పిల్లలు, సంచిలో ఆవకాయ జాడీ పెట్టుకుని కొడుకింటికొచ్చిన అమ్మలు కళ్లు నులుముకుంటూ దిగుతారు. గోదావరి ఒడ్డు నుంచి ఇలా మనదాకా వచ్చిన ఓ కథ ఉంది. దాని పుట్టిల్లు మాత్రం గోదావరి కాదు, లండన్. కన్నతండ్రి ఆలివర్ గోల్డ్‌స్మిత్. ఐర్లండ్‌లో పుట్టి, లండన్‌లో అప్పుల మధ్య బతికి, 1774 ఏప్రిల్ 4న కన్నుమూసిన కవి, నాటకకర్త.

పొట్టకూటికి ఆయన చాలానే రాశాడు గానీ, పేరు నిలిపినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ‘ట్రావెలర్’, ‘డిజర్టెడ్ విలేజ్’ అనే రెండు కావ్యాలు, రెండు హాస్యనాటకాలు, ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అనే ఒకే ఒక్క నవల. ఆ కాసిని పుస్తకాల చుట్టూ చిత్రకారులు, చెక్కమీద చెక్కేవాళ్లు, శిల్పులు వందన్నర ఏళ్లకు పైగా తిరిగారు. వాళ్లు చేసిన వాటిలో వింతైనవి ఏరి, సంక్రాంతి కొలువులా తొమ్మిది మెట్ల మీద పేర్చాను. కొలువులో మన ఊరి బొమ్మలూ ఉండాలి కదా, ఉన్నాయి.

మొదటి మెట్టు: మనకు అన్నిటికన్నా దగ్గరి 18వ శతాబ్దం

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్. ఆ స్టేషన్ పేరులో ఒక ఫ్రెంచివాడు దాక్కున్నాడు. నిజాం అలీఖాన్ సైన్యంలో జనరల్‌గా ఉన్న మాన్సియర్ రేమండ్‌ను జనం నోళ్లు హిందువులకు మూసారాంగా, ముస్లింలకు మూసా రహీంగా మార్చేశాయి. 1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. దగ్గర్లోని అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఏడు మీటర్ల రాతి స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మీద ఉన్నవి ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలే, జే, ఆర్.

రేమండ్ పాండిచ్చేరిలో దిగింది 1775లో. గోల్డ్‌స్మిత్ పోయి అప్పటికి ఏడాది. అదే ఏడాది లండన్‌లో షెరిడన్ అనే మరో ఐరిష్ నాటకకర్త ‘రైవల్స్’, ‘డ్యుయెన్నా’ అనే రెండు నాటకాలు ఆడించాడు. నూరేళ్లు తిరక్కుండానో, తిరిగాకనో అవి కూడా మాన్సియర్ మూసారాం అయినట్టు వేషం మార్చుకుని తెలుగులోకి వచ్చాయి. ఊరు మారిన పేరుకీ, ఊరు మారిన కథకీ పట్టే గతి ఒకటే. కొత్త ఊరి నోట్లో నలగాలి, కొత్త ముఖం తొడుక్కోవాలి. ఈ కొలువులోని ప్రతి బొమ్మా ఆ పని చేసినదే.

రెండో మెట్టు: ఇంటద్దె కోసం అమ్ముడుపోయిన నవల

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెగదిలో ఉండి చదువుకున్నవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అద్దె బాకీ పడితే ఇంటావిడ గోల్డ్‌స్మిత్‌ను కదలనివ్వకుండా బంట్రోతుల్ని పిలిపించింది. ఆయన తన మిత్రుడైన రచయిత శామ్యూల్ జాన్సన్‌కు కబురు పంపాడు. ఆ పెద్దాయన ముందు ఒక గినీ పంపి, వెనకాలే తనూ వచ్చి చూస్తే, ఆ గినీతో అప్పుడే ఒక వైన్ సీసా తెరిచి ఉంది! జాన్సన్ సీసాకు బిరడా బిగించి, అమ్మడానికి ఏముందని అడిగాడు. గోల్డ్‌స్మిత్ ఒక రాతప్రతి తీశాడు. దాన్ని పట్టుకెళ్లి 60 పౌండ్లకు అమ్మిపెట్టి, జాన్సన్ అద్దె గండం గట్టెక్కించాడు.

అదే ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. కొన్నవాళ్లకు దాని మీద ఎంత నమ్మకమంటే, 1762 నాటికే చేతులు మారిన ప్రతిని 1766 దాకా అచ్చువేయలేదు. ఆ తర్వాత అది ఇంగ్లిష్‌లో ఎడతెగకుండా అచ్చవుతూనే ఉంది. అద్దెగదిలో జాన్సన్ ఆ కాగితాలు తిరగేస్తున్న ఘట్టాన్ని ఇ. ఎం. వార్డ్ 1843లో చిత్రించాడు. కథలోని సన్నివేశాలకు బొమ్మలు గీయడం మామూలే. ఆ కథ అమ్ముడుపోయిన సన్నివేశానికే బొమ్మ పడటం అరుదు.

మూడో మెట్టు: గుమ్మంలో పట్టని పటం

గోల్డ్‌స్మిత్ ప్రేరణతో వచ్చిన బొమ్మల్లో అతి పెద్దది ఏ మ్యూజియంలోనూ లేదు. అది ఆయన నవలలోనే ఉంది.

వికారు, అంటే పల్లెటూరి పాస్టరు ప్రింరోజ్. ఊళ్లోకి ఒక తిరుగుడు చిత్రకారుడు వస్తాడు, తలకు 15 షిల్లింగులు. పక్కింటి ఫ్లాంబరో కుటుంబం ఏడుగురూ ఏడు పటాలు వేయించుకుంటారు, చేతిలో తలా ఒక కమలాపండు. పక్కింటివాళ్లకన్నా ఒక మెట్టు పైన ఉండాలి కాబట్టి మనవాళ్లు ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పటంలో పడాలనుకుంటారు. ఒకే చట్రం చాలు, ఖర్చూ కలిసొస్తుంది. పాస్టరుగారి భార్య వీనస్ దేవత, చిన్నపిల్లలిద్దరూ మన్మథులు, పెద్దమ్మాయి ఒలీవియా పూలగట్టు మీద కూర్చున్న వీరవనిత, రెండో అమ్మాయి సోఫియా గొర్రెల కాపరి. గొర్రెలు మాత్రం చిత్రకారుడు డబ్బు అడక్కుండా ఎన్ని వేయగలిగితే అన్ని! ఊరి దొర తననూ కలుపుకోమని కోరి, అలెగ్జాండర్ చక్రవర్తిగా ఒలీవియా పాదాల దగ్గర చేరతాడు. పాస్టరుగారు మాత్రం తన అంగీలోనే నిలబడి వీనస్‌కు మతచర్చల పుస్తకాలు సమర్పించుకుంటాడు.

నాలుగు రోజుల్లో పటం పూర్తయింది. అప్పుడు తెలిసింది, ఇంట్లో ఏ గుమ్మంలోంచీ అది పట్టదని. వంటింటి గోడకు చేరగిలబడి, వచ్చేపోయేవాళ్ల ఎగతాళికి గుర్తుగా అక్కడే ఉండిపోయింది.

మన చౌరస్తాల్లో పుట్టినరోజు ఫ్లెక్సీలు చూసిన కళ్లకు ఇది 260 ఏళ్ల నాటి ముచ్చటలా కనపడదు. మధ్యలో అన్న, చుట్టూ తమ్ముళ్లు, వెనక సింహం. సింహాన్ని డిజైన్ షాపువాడు ఉచితంగానే కలిపి ఉంటాడు.

నాలుగో మెట్టు: 144 పచ్చ కళ్లద్దాలు

ఇంట్లో గుర్రప్పిల్లను అమ్మి మంచి సవారీ గుర్రం తెమ్మని పాస్టరు కుటుంబం కొడుకు మోజెస్‌ను సంతకు పంపిస్తుంది. తల వెనక నల్ల రిబ్బను కట్టి, ముస్తాబు చేసి, వీధి చివరిదాకా సాగనంపుతారు. కుర్రాడు బేరం బాగానే చేశాడు, 3 పౌండ్ల 5 షిల్లింగుల 2 పెన్నీలు. కానీ చేతిలో డబ్బుతో రాలేదు, గుర్రంతోనూ రాలేదు. ఒక గ్రోసు, అంటే 12 డజన్లు, అంటే 144 పచ్చ కళ్లద్దాలతో వచ్చాడు. వెండి చట్రాలని చెప్పి ఎవడో అంటగట్టాడు. గీకి చూస్తే రాగికి వేసిన పూత.

విక్టోరియా రాణి కాలపు చిత్రకారులకు ఈ ఘట్టమంటే ప్రాణం. మోజెస్ ముస్తాబు ఒకరు, కళ్లద్దాల మూట విప్పిన క్షణం ఒకరు, తండ్రి ముఖం ఒకరు గీసుకుంటూ పోయారు. కారణం తేలిగ్గానే దొరుకుతుంది. ఒకే పటంలో ఏడెనిమిది ముఖాలు, ఏడెనిమిది రకాల ఆశాభంగాలు. చిత్రకారుడి పనితనానికి అంతకు మించిన పరీక్ష ఏముంది?

మన గోదావరి ఒడ్డుకొచ్చేసరికి పచ్చ కళ్లద్దాలు చెల్లవు. ఈ నవల నీడలో పుట్టిన తెలుగు కథలో ఆ స్థానం బైరాగిది. ఇత్తడీ రాగీ కాదు, ఇంట్లో ఉన్న బంగారాన్నే రెట్టింపు చేసిపెడతానంటాడు, సందు చూసుకుని అదంతా ఎత్తుకుపోతాడు. సంతలో మోసపోయిన కుర్రాడికన్నా, స్వర్ణయోగానికి ఆశపడి మోసపోయిన పెద్దమనిషి మనకు బాగా తెలిసిన మనిషి. ఇవాళ అదే బైరాగి ఫోన్లో మెసేజీ పెడుతున్నాడు, అంతే తేడా.

ఐదో మెట్టు: ‘తొలి’ కిరీటానికి ముగ్గురు పోటీదారులు

ఆ తెలుగు కథ పేరు ‘రాజశేఖర చరిత్రము’. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో వరసగా వేసి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ‘వివేక చంద్రిక’ దానికి రెండో పేరు. వేక్‌ఫీల్డ్ ధవళేశ్వరమైంది, పాస్టరు రాజశేఖరుడయ్యాడు. పొగడ్తలకు పొంగి ఆస్తి పోగొట్టుకున్న సంపన్న బ్రాహ్మణుడాయన. ఒలీవియా, సోఫియాల స్థానంలో రుక్మిణి, సీత. మోజెస్ స్థానంలో సుబ్రహ్మణ్యం.

తొలి తెలుగు నవల అనే మాట దీనికే ఎక్కువ అతికింది గానీ, కిరీటం తగాదా తీరలేదు. కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘మహాశ్వేత’ 1867 నాటిది, సంస్కృత కాదంబరి ఛాయ. నరహరి గోపాలకృష్ణమ శెట్టి ‘శ్రీ రంగరాజ చరిత్రము’ 1872లోనే వచ్చింది. కాలం లెక్కకు వాళ్లు ముందు. చదివిన జనం లెక్కకు, వెనక నవలలు రాసినవాళ్లు దారిగా ఎంచుకున్న లెక్కకు వీరేశలింగం ముందు. ఎవరికి ఏ లెక్క ముఖ్యమో వాళ్ల కిరీటం వాళ్లది.

అసలు రికార్డు మరొకటుంది. ఇంగ్లిష్ నవల నీడలో పుట్టిన ఈ తెలుగు కథ తిరిగి ఇంగ్లిష్‌లోకే వెళ్లింది. జె. రాబర్ట్ హచిన్సన్ అనువాదం ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో 1887లో లండన్‌లో అచ్చయింది. గోల్డ్‌స్మిత్ అద్దె బాకీ పడ్డ ఊళ్లోనే ఆయన మానసిక మనవడు ధోవతి కట్టుకుని దర్శనమిచ్చాడన్నమాట. పోయేటప్పుడు పాస్టరు, వచ్చేటప్పుడు పంతులు. వెళ్లి వచ్చిన దారి ఇంత చక్కగా కనపడే కథలు మన భాషలో ఎన్నో లేవు.

ఆరో మెట్టు: రాజుగారు నమ్మని అచ్చు

గోల్డ్‌స్మిత్ పోయిన 21 ఏళ్లకు, 1795లో లండన్ ముద్రాపకుడు విలియం బుల్మర్ ఒక పుస్తకం వేశాడు. గోల్డ్‌స్మిత్, ఆయనలాగే ఐరిష్‌వాడైన పార్నెల్ కవితలు అందులో ఉన్నాయి. బొమ్మలు చెక్కినవాళ్లు న్యూకాజిల్ అన్నదమ్ములు థామస్ బ్యూయిక్, జాన్ బ్యూయిక్.

పుస్తకం మూడో జార్జి రాజు చేతిలో పడింది. ఇంత సన్నని గీతలు చెక్కమీద పడతాయంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. రాగిరేకు మీద చెక్కి చెక్క అంటున్నారని అనుమానపడి, ఆ చెక్క దిమ్మెలు తెప్పించి చూపించమని తన పుస్తక వ్యాపారికి ఆజ్ఞ వేశాడు. దిమ్మెలు చూశాక గానీ శాంతించలేదట.

ఇందులో కిటుకు చెక్కలో ఉంది. అంతకు ముందు చెక్కను నిలువుగా పలకలా కోసి, నారవాటున కత్తితో తొలిచేవాళ్లు. గీత సన్నబడితే నార చీలిపోయేది. బ్యూయిక్ బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు కొమ్మను అడ్డంగా, మన కూరగాయల చక్రాల్లా కోయించాడు. ఆ అడ్డుకోతలో నార పైకి నిలబడి ఉంటుంది, చీలదు. దాని మీద కత్తి బదులు రాగిరేకులకు వాడే సన్నని ఉలి నడిపించాడు. తొలిచిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా అచ్చు పడుతుంది కాబట్టి, తెల్లగీతలతోనే వెలుగు గీశాడు.

దీనికి మరో లాభం. రాగిరేకు బొమ్మను వేరే యంత్రం మీద విడిగా అచ్చేయాలి. చెక్క దిమ్మె అలా కాదు, సీసపు అక్షరాల ఎత్తుకే ఉంటుంది. అక్షరాల పక్కనే పేర్చి, ఒక్క దెబ్బకు మాటా బొమ్మా కలిపి అచ్చేయొచ్చు. తర్వాత వందేళ్లు పత్రికలు బొమ్మలతో చవగ్గా దొరకడానికి ఈ అడ్డుకోతే కారణం. పాడుబడిన పల్లె గురించి గోల్డ్‌స్మిత్ రాసిన కావ్యం, పల్లెవాడైన బ్యూయిక్ చేతిలో ఆ పనితనానికి నమూనాగా నిలిచింది.

ఏడో మెట్టు: పెళ్లి చీర, నవ్వులపాలైన కవరు

‘వికారు’కు బొమ్మలు గీసినవాళ్లు చాలామంది. 1817లో ఆకర్‌మన్ ప్రచురించిన ప్రతిలో థామస్ రోలాండ్‌సన్ 24 రంగుల పలకలు వేశాడు. అతని పాస్టరు కుటుంబం బొద్దుగా, అల్లరిగా, కొంచెం వెకిలిగా ఉంటుంది. 1843లో విలియం మల్రెడీ 32 బొమ్మలు వేశాడు. అతనిది మర్యాద, మెత్తదనం. ఒకే కథకు పాతికేళ్ల తేడాతో వేసిన ఈ రెండు పెళ్లిఫోటోలను పక్కపక్కన పెడితే, ఇంగ్లండ్ మధ్యతరగతి ఎంత బుద్ధిగా తల దువ్వుకుందో తెలిసిపోతుంది.

నవల మొదట్లోనే పాస్టరు ఒక మాట అంటాడు. తన భార్య పెళ్లి గౌను ఎంచుకున్న పద్ధతిలోనే తాను ఆమెను ఎంచుకున్నాడట, పై మెరుపు చూడకుండా మన్నిక చూసి. ఆ ఒక్క మాటలోంచి మల్రెడీ 1845లో ఒక తైలవర్ణ చిత్రం తీశాడు. కొట్టు బల్ల మీద బట్ట పరచి ఉంది, అమ్మాయి వేళ్లతో నేత పట్టి చూస్తోంది, పక్కన కాబోయే పెళ్లికొడుకు. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. శ్రావణమాసంలో దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్లో పరుపు మీద కూర్చుని, పట్టు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసే పెద్దమ్మలకు ఆ పటం కింద వివరణ చీటీ అక్కర్లేదు.

ఇదే మల్రెడీకి ఒక అపకీర్తి రికార్డు కూడా ఉంది. 1840లో ప్రపంచపు తొలి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్‌తో పాటు బ్రిటన్ తపాలా శాఖ ముందే సొమ్ము చెల్లించిన కవర్లు కూడా తెచ్చింది. వాటి మీద బొమ్మ మల్రెడీదే. మధ్యలో బ్రిటానియా దేవత, చుట్టూ ఏనుగులు, ఒంటెలు, దేశదేశాల జనం. చూసిన జనం పగలబడి నవ్వారు. వెక్కిరింపు కవర్లు అసలు కవర్లకన్నా జోరుగా అమ్ముడుపోయాయన్నంత పనైంది. చివరికి కవర్లు వెనక్కి తీసుకుని, మిగిలిన గుట్టల్ని నాశనం చేయాల్సి వచ్చింది.

తపాలాతో ఈ కథకు ముడి అక్కడితో తెగలేదు. ‘వికారు’ బొమ్మల మల్రెడీ కవరు మీద ఓడిపోతే, ‘వికారు’ను తెలుగు చేసుకున్న వీరేశలింగం బిళ్ల మీద గెలిచారు. 1974లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఈ కొలువులో అచ్చయిన వాటిలో అతి చిన్నది అదే.

ఎనిమిదో మెట్టు: ఇచ్చిపుచ్చుకున్న అంకితాలు, తప్పు చెప్పిన రాయి

రాయల్ అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్‌కు గోల్డ్‌స్మిత్ ప్రాణస్నేహితుడు. ఆయన్ని అకాడమీలో ప్రాచీన చరిత్ర ఆచార్యుడిగా కూర్చోబెట్టాడు. గౌరవమే తప్ప జీతం లేదు. ఒంటి మీద చొక్కా లేనివాడికి చేతులకు లేసు కుట్టించినట్టుందని గోల్డ్‌స్మిత్ తమ్ముడికి ఉత్తరం రాసుకున్నాడు.

1770లో ‘డిజర్టెడ్ విలేజ్’ను ఆయన రేనాల్డ్స్‌కు అంకితమిచ్చాడు. రేనాల్డ్స్ ఊరుకుంటాడా? ఆ కావ్యంలోని ఒక ముసలి మనిషిని మనసులో పెట్టుకుని బొమ్మ వేశాడు. నమూనాగా కూర్చున్నవాడు జార్జ్ వైట్ అనే రోడ్లకు రాళ్లు పరిచే కూలి. 1772లో థామస్ వాట్సన్ దాన్ని మెజోటింట్ అనే రకం అచ్చుగా తెచ్చినప్పుడు, కింద అంకితం గోల్డ్‌స్మిత్‌కు. కవి ఇచ్చిన మాటకు చిత్రకారుడు బొమ్మతో బదులు తీర్చిన ఘట్టాల్లో ఇంత సరిసమానంగా తూగినది మరొకటి దొరకడం కష్టం. రేనాల్డ్స్ గీసిన గోల్డ్‌స్మిత్ ముఖం కూడా అచ్చు రూపంలో ఊరంతా పాకింది. ఆ కాలపు పెద్దమనుషులందరూ పొడి చల్లిన విగ్గులతో కూర్చుంటే, ఈయన మాత్రం విగ్గు లేకుండా, పక్కకు తిరిగి, పుస్తకం పట్టుకుని కనపడతాడు. గోల్డ్‌స్మిత్ పోయాడని తెలిసిన రోజు రేనాల్డ్స్ కుంచె కింద పెట్టేశాడు. రోజూ బొమ్మలు వేయడమే బతుకైన మనిషికి అది పెద్ద మాట.

వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో స్మారక ఫలకం నాలెకెన్స్ చెక్కాడు. రాత జాన్సన్‌ది, లాటిన్‌లో. స్నేహితులకు అది నచ్చలేదు. ఇంగ్లిష్ భాషకు ఇంత చేసినవాడి రాయి మీద ఇంగ్లిష్ లేకపోతే ఎలా అన్నారు. కానీ జాన్సన్‌కు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. 1776లో రేనాల్డ్స్ ఇంట్లో భోజనాలయ్యాక ఒక ఉపాయం పన్నారు. అర్జీ రాసి, చుట్టూ చక్రంలా సంతకాలు పెట్టారు, మొదటివాడెవడో తెలియకుండా! ఆ చక్రంలో బర్క్, గిబ్బన్‌లతో పాటు షెరిడన్ కూడా ఉన్నాడు. జాన్సన్ ససేమిరా అన్నాడు, ఆబీ గోడల మీద ఇంగ్లిష్ రాసి వాటి పరువు తీయనన్నాడు. గ్రాంథికమా, వ్యావహారికమా అని కొట్టుకున్న మనకు ఆ వాసన బాగా తెలుసు.

ఇంతా చేసి, రాయి తప్పు చెబుతోంది. దాని మీద పుట్టిన సంవత్సరం 1731. జీవిత చరిత్రకారులు ఎక్కువగా ఒప్పుకునేది 1728. లాటిన్ ఎంత శుద్ధంగా ఉన్నా అంకె మాత్రం తప్పింది.

తొమ్మిదో మెట్టు: అత్యధిక మారువేషాలు, చివరి వేషం మన సాలార్‌జంగ్‌లో

‘వికారు’లో బర్చెల్ అనే బీదవాడు ఒకడుంటాడు. చివరికి చూస్తే ఆయనే ఊరికి పెద్ద దొర, సర్ విలియం థార్న్‌హిల్. ఇది మొదటి మారువేషం. ‘రాజశేఖర చరిత్రము’లో రామరాజు అనే సాదాసీదా మనిషి ఆపదల్లో ఆదుకుంటూ తిరుగుతాడు. చివరికి చూస్తే ఆయనే పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి. ఇది రెండోది.

మూడోది కథలో జరగలేదు, బయట జరిగింది. 1770లో స్ట్రాస్‌బర్గ్‌లో హెర్డర్ అనే పండితుడు కుర్రవాళ్లను కూర్చోబెట్టి జర్మన్ అనువాదంలో ‘వికారు’ చదివి వినిపించాడు. విన్నవాళ్లలో, తర్వాత జర్మన్ మహాకవి అయిన 21 ఏళ్ల గొయ్‌థే ఒకడు. ఆ ఊపులోనే మిత్రుడితో కలిసి సెసెన్‌హైమ్ అనే పల్లెలో పాస్టరు ఇంటికి వెళ్లాడు, సరదాకు పేద విద్యార్థి వేషంలో. ఆ ఇంట్లో ఆయన చూసింది పాస్టరు బ్రియాన్ కుటుంబాన్ని కాదట, వేక్‌ఫీల్డ్ కుటుంబాన్నేనట. ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. పాస్టరు కూతురు ఫ్రెడెరికాను ప్రేమించాడు, తర్వాత వదిలి వెళ్లిపోయాడు. ఆ తప్పు ఆయన్ని చాలాకాలం వెంటాడింది. ఆయన రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో మోసపోయిన మార్గరెటా పాత్ర వెనక ఫ్రెడెరికా నీడ ఉందని విమర్శకులు చాలామంది అంటారు.

ఆ మార్గరెటా మనకు తెలిసిన మనిషే. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి, ఆటో ఎక్కితే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ ఒకే దుంగలోంచి చెక్కిన 19వ శతాబ్దపు జంట బొమ్మ ఉంది. ముందు నుంచి చూస్తే గడ్డం ఎగరేసి నవ్వే మెఫిస్టోఫిలీస్ సైతాను. వెనక నుంచి తల వంచి, ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెటా. శిల్పి ఎవరో తెలియదు. బొమ్మ వెనక నిలువుటద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనపడతారు. చిన్నప్పుడు బడి పిల్లల వరసలో నిలబడి దీన్ని చూడని హైదరాబాదీ అరుదు.

ఇంకో దారి కూడా ఇక్కడే కలుస్తుంది. ‘ఫౌస్ట్’ మొదట నాటకశాల యజమాని, కవి, విదూషకుడు మాట్లాడుకునే ఘట్టం పెట్టడానికి గొయ్‌థేకు ప్రేరణ కాళిదాసు ‘శాకుంతలం’లో సూత్రధారుడి ప్రస్తావన అంటారు. శాకుంతలం జర్మన్‌లోకి 1791లో వెళ్లింది, చదివి ఆయన మురిసిపోయాడు. ఇక్కడ ‘వికారు’ను తెలుగు చేసుకున్న వీరేశలింగం గారే ‘శాకుంతలం’ కూడా తెనిగించారు. రాజమండ్రి పంతులుగారి బల్ల మీదా, వైమార్‌లో గొయ్‌థే బల్ల మీదా ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన కూర్చున్నాయన్నమాట.

చిల్లర బొమ్మలు

కొలువు కింద నేల మీద పేర్చే చిన్న బొమ్మలు కొన్ని.

అతి చిన్న చెక్కడం: డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో గోల్డ్‌స్మిత్ ఫీజు కట్టలేక, తోటివాళ్లకు సేవలు చేస్తూ చదివాడు. అప్పుడు కిటికీ అద్దం మీద గీసుకున్న ఆయన పేరును కాలేజీ భద్రంగా దాచింది. హాస్టల్ బల్లల మీద పేర్లు చెక్కేవాళ్లు దీన్ని వార్డెన్‌కు చూపించి లాభం లేదు.

అతి పెద్ద ప్రాయశ్చిత్తం: అదే కాలేజీ ముఖద్వారం ముందు 1864లో ఆయన కంచు విగ్రహం నిలిచింది. శిల్పి ఫోలీ. కోల్‌కతా విక్టోరియా మెమోరియల్ ఆవరణలో గుర్రం మీద వెనక్కి తిరిగి చూస్తున్న ఔట్రమ్ విగ్రహమూ ఆయనదే.

సైతానుకు అందమైన అచ్చు: 1828లో పారిస్‌లో అచ్చయిన ‘ఫౌస్ట్’కు డెలాక్రా 17 రాతి అచ్చు బొమ్మలు వేశాడు. ముసలి గొయ్‌థే చూసి, తాను ఊహించిన దాన్ని మించిపోయాడని మెచ్చుకున్నాడు.

రెండు చేతులా తెచ్చుకున్న పంతులు: వీరేశలింగం గోల్డ్‌స్మిత్ ‘ట్రావెలర్’ను ‘పథిక విలాసము’ చేశారు. షెరిడన్ ‘రైవల్స్’ను ‘కల్యాణ కల్పవల్లి’గా, ‘డ్యుయెన్నా’ను ‘రాగమంజరి’గా మలిచారు. స్విఫ్ట్ ‘గలివర్’ వెలుగులో ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. గోల్డ్‌స్మిత్, షెరిడన్, స్విఫ్ట్ ముగ్గురూ ఐర్లండ్‌లో పుట్టినవాళ్లే.

మళ్లీ మళ్లీ మొలిచే బొమ్మ: పిల్లల పుస్తకాల చిత్రకారుడు ఆర్థర్ ర్యాకమ్ కూడా 1929లో ‘వికారు’కు బొమ్మలు వేశాడు. రోలాండ్‌సన్ నుంచి లెక్కేస్తే 112 ఏళ్లు.

ట్యాంక్‌బండ్ పలకరింపు: 1986లో హుస్సేన్‌సాగర్ గట్టు మీద నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో వీరేశలింగం ఒకరు. పాస్టరును పంతులుగా మార్చిన మనిషిని చూడాలంటే అటు వెళ్లొచ్చు.

సాలార్‌జంగ్‌కు వెళ్లేవాళ్లు శుక్రవారం మానుకోండి, ఆ రోజు సెలవు. మొన్న వెళ్లినప్పుడు జంట బొమ్మ ముందు ఒక పాప తండ్రిని అడుగుతోంది: “నాన్నా, అమ్మాయి ఎక్కడుంది?” ఆయన పాపను ఎత్తుకుని అద్దం వైపు చూపించాడు. పాప బొమ్మ చుట్టూ తిరిగి చూస్తానని మారాం చేసింది. తాడు కట్టి ఉంది, అటు పోనివ్వరు. కాసేపు అద్దంలోకే చూసి, “అమ్మాయి వెనకాల మనం కూడా ఉన్నాం” అంది.